నలభై మీది ముల్లు

“ముల్లు ఆడని బండిలో నా బిడ్డ కాలు పెట్టదు. ఎద్దుల బండి కట్టిస్తా, పో!”

జీవమ్మ పికప్పు తలుపుకు అడ్డంగా నిలబడి తేల్చి చెప్పేసింది. ఆమె కూతురు కృపమ్మ నిండు చూలాలు. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, నొప్పులు రాకముందే నంద్యాల ఆసుపత్రికి చేర్చమని ఆళ్లగడ్డ నర్సమ్మ ఆ పొద్దున్నే హెచ్చరించింది. లోపల బిడ్డ అడ్డం, బయట అత్త అడ్డం. నడుమ అల్లుడు ఏలీయా నిలువునా నీరైపోతున్నాడు.

“మీటరు ఆడకుంటే ఏమత్తా? బండి పోతాది గదా!”

“ఎంత జోరుగా పోతాండాదో నాకెట్ల తెలిసేది? స్టీరింగు చేతికొస్తే నీకు ఒళ్లు తెలీదు. పోయి ముల్లు బాగు చేయించుకోని రా. అది నలభై దాటిందా, ఆడనే దిగిపోతాం.”

మీటరులో ముల్లు చచ్చి పడుంది గాని, అత్త మాటల్లో ముల్లు నిక్షేపంగా ఉంది. ఏలీయా పళ్లు నూరుకుంటూ బండిని మెకానిక్ నబీ రసూల్ షెడ్డుకు తోలాడు.

నబీ రసూల్ బండి కిందికి దూరి, మీటరు కేబులును గేరుబాక్సు దగ్గర ఊడదీసి, దాని కొసను వేళ్లతో గిరగిరా తిప్పాడు.

“ముల్లు లేస్తాండాదా?”

“లేస్తాండాదన్నా!” సీట్లోంచి ఏలీయా కేకేశాడు.

“అట్లయితే మీటరూ బాగుంది, కేబులూ బాగుంది. రోగం గేరుది.” గేరుబాక్సు వెనక నుంచి బొటనవేలంత ప్లాస్టిక్ గేరు బయటికి లాగాడు. బోసినోరు! “చూడప్పా, అరటిపండ్లు తోలే బండికి పండ్లే లేకపాయె!”

నూరుకోవడానికి ఏలీయాకైనా పళ్లున్నాయి, దానికి అవీ లేవు. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“అన్నా, పండ్లు మారిస్తే ముల్లు లెక్క మారతాదంట గదా?”

“మారతాది. ఎక్కువ పండ్ల గేరు ఏస్తే ముల్లు తక్కువ చూపిస్తాది. తక్కువ పండ్లది ఏస్తే ఎక్కువ చూపిస్తాది.”

“అయితే ఎక్కువ పండ్లదే ఎయ్యి. బండి అరవైలో పోతాంటే ముల్లు నలభై మీద కూచోవల్ల. మా అత్త నిమ్మళంగా ఉంటాది, నా పెండ్లాం బిరీన ఆసుపత్రి చేరతాది.”

“బండికి కాదు, అత్తకే గేరు మారుస్తాండావే!” నబీ రసూల్ నవ్వాడు. “పో, మూటాముల్లె సర్దుకో. బండి నేనే తెచ్చిస్తా.”

మూట సర్దాడు. ముల్లెలో ముల్లు సంగతి మాత్రం ఎవరికీ విప్పలేదు.

ఎండ నెత్తికెక్కేవేళకు బండి కదిలింది. కిటికీ పక్కన కృపమ్మ, నడుమ జీవమ్మ. ఏలీయా ముల్లును నలభై మీద నిలబెట్టి, అరవైలో ఎగిరిపోతున్నానని లోలోపల మురిసిపోయాడు. విచిత్రం, అత్త కిమ్మనలేదు. మీటరు కేసి ఒకసారి చూసి, కొంగుతో విసురుకుంటూ కునుకు తీసింది కూడా. ఇంతలో ఓ బస్సు హారన్ మోగించి వాళ్లను దాటిపోయింది. ‘వీడెవడో ఎనభైలో పోతాండాడు, పిచ్చినాయాలు!’ అనుకున్నాడు ఏలీయా.

సిరివెళ్ల దాటగానే కృపమ్మ కెవ్వుమంది. “అమ్మా, నొప్పులు!”

జీవమ్మ ఉలిక్కిపడి లేచింది. “ఏందప్పా ఈ నత్తనడక? తోలు!”

“నలభై మీద ఉండాది గదత్తా!”

“ఉంటే ఉండనీ. అరవై మీద పెట్టు!”

ఏలీయా మనసులో లెక్క కట్టాడు. ముల్లు అరవై అంటే బండి తొంభై! ఈ ముసలి బండి తొంభైలో పోతే చక్రాలొక దారి, తామొక దారి. నిజం చెబుదామా, అత్త నడిరోడ్డు మీద దిగి శివాలెత్తుతుంది. చెప్పకుందామా, కిటికీ దగ్గర కృపమ్మ డాష్‌బోర్డు పట్టుకుని మెలికలు తిరుగుతోంది.

“నా బిడ్డ సస్తాండాది. తొక్కు నాయనా, తొక్కు!”

తొక్కాడు. ముల్లు యాభై దాటింది. అరవై అందుకుంది. తలుపులు గడగడ, అతని గుండె దడదడ. “యేసయ్యా, స్టీరింగు నువ్వు పట్టుకో, బ్రేకు నేను చూసుకుంటా” అని గొణుక్కుంటూ, కళ్లార్పకుండా నంద్యాల చేర్చాడు.

చాలాసేపటికి ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. “ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు” అంది నర్సు.

ఏలీయా గోడకు ఆనుకుని అలాగే జారి కూలబడ్డాడు. గుండెల మీద నుంచి గెలల లోడు దింపినట్టయింది. జీవమ్మ “స్తోత్రం, స్తోత్రం” అంటూ వచ్చి అతని తల నిమిరింది. “బాగా తోలినావు నాయనా.” అత్త నోట ముల్లు లేని మాట అతను వినడం అదే మొదలు.

తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చే రోజున ఏలీయా మైసూరుపాకు పొట్లం పట్టుకుని షెడ్డుకు పోయాడు.

“అన్నా, నీ దయవల్ల గండం గడిచింది. ఇంక ఆ దొంగ గేరు పీకేసి సరైనది ఎయ్యి. పసిబిడ్డను పెట్టుకుని తొంభైలో నేను తోలలేను.”

నబీ రసూల్ మైసూరుపాకు ముక్క నోట్లో వేసుకుని, తాపీగా నమిలి మింగి, మూతి తుడుచుకున్నాడు.

“దొంగ గేరు యాడుందప్పా? నువ్వు అట్ల పోయినావో లేదో మీ అత్త ఇట్ల వచ్చి, బండి నలభైలో పోతాంటే ముల్లు అరవై చూపేటట్టు పెట్టు, మా అల్లునికి మాత్రం చెప్పొద్దు అనింది. మీ ఇద్దరిలో ఎవరి మాటా కాదనలేక, అసలు గేరే ఏసినా!”