నాడి డెబ్బై ఆరు

"అవ్వా! అవ్వా!"

తల్లిని పిలుస్తూ వీరేందర్ పెడుతున్న అరుపులకు దవాఖాన దద్దరిల్లుతోంది. తొండుపల్లి దగ్గర అతని బండిని లారీ గుద్దింది. కుడి తొడ ఎముక విరిగింది. నర్సు స్వరాజ్యం అతని చెయ్యి పట్టి చూసింది. నాడి నూట నలభై. ఒళ్లంతా చెమట.

డాక్టర్ శేఖర్ ఇంజెక్షన్ ఇచ్చాడు. అరుపులు సన్నగిల్లి, వీరేందర్ మగతలోకి జారాడు. ఆపరేషన్‌కు సిద్ధం చేయమన్నాడు డాక్టర్.

అంబులెన్సు దిగి తనంతట తానే నడిచి వచ్చిన తల్లి సక్కుబాయి, గోడవారగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. నిండా కప్పుకున్న కొంగు కింద చేతులు కడుపుకు ఆనించుకుంది. కంట్లో నీటిచుక్క లేదు.

"నువ్వెట్ల వచ్చినవ్ పెద్దమ్మా?" అడిగింది స్వరాజ్యం.

"వానితోనే వచ్చిన బిడ్డా."

"ఇంకెవరన్న ఉన్నరా?"

"కోడలు కాటేదాన్ల పనికి పోయింది. ఫోన్ జేసిన్రు, వస్తది. నువ్వు వాన్ని జూడు."

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ కాగితం మీద వేలిముద్ర వేసింది. చెయ్యి వణకలేదు. స్వరాజ్యానికి ఒళ్లు మండింది.

"కొడుకు కాలు గట్ల విరిగితే నిమ్మళంగ నిలవడ్డది సార్. తల్లేనా గీమె?"

శేఖర్ ముసలామె మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. "డెబ్బై ఆరు" అని నవ్వాడు. "తప్పు పట్టకమ్మా. పడుచువాళ్లకు దెబ్బ తగిలినా, భయం వేసినా గుండె పరుగెడుతుంది. ఈ వయసులో దానికి ఆ ఉరుకు ఉండదు. లోపల ఎంత జరుగుతున్నా పైకి తెలియదు. బీపీ మాత్రలు వేసుకుంటావా పెద్దమ్మా?"

"రోజు పొద్దుగాల ఒకటి ఏసుకుంట."

"చూశావా? ఆ మాత్రలు కూడా గుండెను ఉరకనివ్వవు" అంటూ ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయాడు.

సక్కుబాయి బెంచీ మీద కూర్చుంది. రెండుసార్లు నీళ్లడిగింది. ఆ తర్వాత, "జర పంకా బంద్ చెయ్యి బిడ్డా, సలి వెడ్తున్నది" అంది. బయట మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. స్వరాజ్యం విసుక్కుంటూనే ఆపింది.

"పానం మంచిగ లేదా?"

"నాకేమైతది? వాడు లేచిండా?"

కాసేపటికి గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర కూడా పట్టిందే అనుకుంది స్వరాజ్యం.

నాలుగింటికి కోడలు సునీత ఉరుక్కుంటూ వచ్చి, "అత్తమ్మా" అని భుజం తట్టింది. సక్కుబాయి పక్కకు ఒరిగిపోయింది. అప్పుడే ఆపరేషన్ ముగించిన శేఖర్ పరుగున వచ్చి గుండె మీద నొక్కాడు. ఎంత నొక్కినా లాభం లేకపోయింది.

"కొడుకుని అలా చూసి తట్టుకోలేకపోయింది. పైకి కనబడలేదంతే" అన్నాడు.

స్వరాజ్యం ఆమె మొహం మీదికి కొంగు లాగి, కళ్లొత్తుకుంది.

పొద్దు గూకుతుండగా వీరేందర్ కళ్లు తెరిచాడు.

"ఆపరేషన్ బాగా జరిగింది. కాలు నిలబడుతుంది, భయపడకు" అన్నాడు శేఖర్.

వీరేందర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"బండి మీద నా ఎనక కూసున్న అవ్వకు ఎట్లుంది సార్?"