వెళ్ళొస్తాను

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొడుకు స్కూలు ముందు, కార్ల వరసలో ఆగి ఉంది రష్మి. మధ్యాహ్నం మూడు. స్పెయిన్‌లో రాత్రి పది. ఈ సెమిస్టర్ గ్రనడాలో చదువుతున్న కూతురు వేద ఈ వేళకే రోజూ అన్నం తింటుంది. రష్మి ఫోన్ కలిపింది.

"తింటున్నా అమ్మా. ఎగ్ అండ్ పొటాటో. రేపు ఆర్ట్ హిస్టరీ టెస్ట్. ఓనర్ ఆంటీ వాళ్ళ సన్ దగ్గరికి వెళ్ళింది, నేనే ఉన్నా."

"తలుపు గడియ పెట్టుకో."

"తలుపు గడియ పెట్టుకో." కారు స్పీకర్లలో రష్మి గొంతే తిరిగి వినిపించింది.

"ఎకో వస్తోందే. నీ ఫోన్ స్పీకర్ ఆపు."

"స్పీకర్ ఏంటి? ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా."

రష్మి మాట్లాడలేదు. ఎకో కూడా రాలేదు. అక్కడ పళ్ళేనికి ఫోర్కు తగులుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. అదీ ఆగింది.

"ఓకే అమ్మా, నా రూమ్‌కి వెళ్తున్నా."

వెళ్తున్నా అనకూడదని, వెళ్ళొస్తాను అనాలని చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉంది రష్మి. వేద ఎప్పుడూ మరిచిపోతుంది. ఈ రోజు రష్మి ఇంకా దిద్దనే లేదు.

"వెళ్ళొస్తాను అనాలి," అంది రష్మి గొంతు, అక్కణ్ణుంచి.

వేద నవ్వింది. "సారీ అమ్మా. వెళ్ళొస్తా."

ఆ మాటకి రష్మి ఎప్పుడూ 'వెళ్ళిరా' అంటుంది.

ఆ గొంతు 'వెళ్ళిరా' అనలేదు. "రా," అంది.