ఆరోగ్యవంతుల గిన్నె

కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ ల్యాబ్‌లో రీసెర్చ్ స్టూడెంట్ మృదుల, రాగి లోహంతో తయారుచేసిన మందు క్యాన్సర్ కణాల డీఎన్‌ఏని పట్టుకుని చంపుతుంది. ఆరోగ్యమైన కణాల జోలికి పోకూడదు. కానీ ఈసారి ఆరోగ్యవంతుల రక్తం పోసిన గిన్నెలోనూ చాలా కణాలు చచ్చిపోయాయి.

“రెండేళ్ల పని పోయింది అన్నా. ఇంకోటి చేసేలోపు నా స్టడీ పర్మిట్ అయిపోతుంది,” అని సీనియర్ శ్రీరామ్ ముందు ఏడ్చింది.

అతను మందు వేయని అదే రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూసి, ఎగిరి గంతేశాడు.

“ఏం పోలేదు! నీ మందు కరెక్టే. ఈ రక్తం ఇచ్చినవాళ్లకే బ్లడ్ క్యాన్సర్ ఉంది. పేపర్ పబ్లిష్ అయినట్టే! ఎవరిదిది?”

మృదుల కళ్లు తుడుచుకుంటూ నవ్వబోయి ఆగిపోయింది.

“నాదే అన్నా.”

శ్రీరామ్ ఫైలు తెరిచి కాగితాలు తిరగేశాడు.

“రక్తం పరిశోధనకి వాడుకోవచ్చని కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టావు కదా?”