ఒక్క తేదీ చాలు

దేవకమ్మ సంచిలో నువ్వుల పొట్లం పెట్టింది. దాని మీద దర్భకట్ట, కొత్త తువ్వాలు, రాగి చెంబు. అన్నిటికీ పైన పెరుగన్నం గిన్నె సర్దుతుంటే కూతురు రేవతి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, మనం పోయేది చిత్తూరు ఆఫీసుకు. నువ్వులెందుకుమా?"

"తేదీతో పాటు చోటు గూడా సెప్తే? యాడ కాల్చినారో, యాడ పూడ్చినారో. నేరుగా ఆడికే పోయి నీళ్లు ఇడిపిస్తాం. అప్పుడు దర్భ కోసం దేవులాడుకోమంటావా?"

"ఆశ పెట్టుకోవద్దుమా. మొదుట అడిగినప్పుడు రహస్యం, ఇవ్వం అని రాసి పంపలేదా?"

"పై ఆఫీసరుకు రాసుకోవచ్చని నువ్వే గదమే అంటివి."

నిజమే. సమాచార హక్కు చట్టం వచ్చి రెండేళ్లు కావస్తోంది. కింది ఆఫీసరు కాదంటే పై ఆఫీసరుకు అప్పీలు చేసుకోవచ్చని, ఇరవై ఏళ్లు దాటిన కాగితాల్లో చాలావాటికి రహస్యమనే అడ్డు ఉండదని రేవతే పేపర్లో చదివి, అర్జీ రాసి, తల్లి చేత సంతకం పెట్టించింది. అందులో అడిగింది ఒక్కటే. సాయంత్రానికి పంపించేస్తామని చెప్పి 1984లో పోలీసులు జీపు ఎక్కించుకుపోయిన తన భర్త శాంతయ్య ఏ రోజు చనిపోయాడు?

వాకిట్లో శాంతయ్య తమ్ముడు కుప్పయ్య పుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

"మళ్లా మూట గట్టినావా వదినా? తిథి తెలీనోళ్లకు మాలయ అమాస ఉండనే ఉండాది. ఊరందరి పెద్దలతో పాటు మా అన్నకూ ఒక ముద్ద పెట్టేస్తే పోలా?"

"నా మొగుడు ఊరందరితో పాటు పోలేదు కుప్పయ్యా. ఒక్కడే పోయినాడు. ఆయప్ప దినం ఆయప్పకుండల్ల."

దేవకమ్మ నుదుట బొట్టు చెరగలేదు కదా అని తడిమి చూసుకుని గడప దాటింది. ఆ బొట్టు సంగతి ఊరికి ఎప్పుడూ తేలలేదు. పేరంటానికి పిలిస్తే ఒక తప్పు, పిలవకపోతే ఒక తప్పు. పిలిచినవాళ్లకు కుంకుమ పెట్టేటప్పుడు చెయ్యి తడబడేది.

బస్సులో ఆమె సంచిని ఒళ్లోంచి దించలేదు. తీసుకుపోయిన ఆ సాయంత్రమే అని చెప్తే? ఆ సాయంత్రం తను పక్కింటామెతో నవ్వుతూ చింతపండు కొడుతోంది.

చిత్తూరులో అప్పీలు వినే ఆఫీసరు పేరు గంగాధరం. వాళ్లు లోపలికి రాగానే కుర్చీలు చూపించాడు. దేవకమ్మకు అప్పుడే భయం పట్టుకుంది. గవర్నమెంటు ఆఫీసులో అడక్కుండా కూర్చోమన్నారంటే అది మంచి మాటకు కాదు.

"ఇరవై ఏండ్లు దాటిపోయె గద సార్. ఇంకా ఏం రహస్యం?" అంది రేవతి.

"ఒప్పుకుంటానమ్మా. ఆ అడ్డు లేదు." గంగాధరం కళ్లద్దాలు తీసి తుడిచాడు. "ఇంకొకటి ఉంది. అవి ఆ రోజుల్లో గవర్నమెంటుకు గుట్టుగా సాయం చేసిన ఒక మనిషి కాగితాలు. అట్లాంటివి బయటికి ఇచ్చే ముందు ఆ మనిషికి నోటీసు పంపి, అభ్యంతరం ఉందా అని అడగాల. అడిగినాం. ఇవ్వొద్దని జవాబు వచ్చింది."

రేవతి కుర్చీలోంచి లేచింది. "ఎవరు సార్ వాడు? మా నాయన్ను పట్టించినోడా?"

"పేరు చెప్పకూడదమ్మా."

"వాడి పేరు మాకొద్దు నాయనా." దేవకమ్మ చేతులు జోడించింది. "వాడి పాపం వాడిది. మా ఆయన పోయిన తేదీ ఒక్కటి సెప్పు, చాలు. నువ్వులు గూడా తెచ్చుకున్నా."

గంగాధరం సంచి వైపు చూశాడు. తర్వాత ఆమె నుదుటి వైపు చూశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఆ బొట్టు మీరు తీయాల్సిన పని లేదమ్మా. ఇంతకు మించి నన్ను అడగొద్దు."

రేవతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది.

పైన ఫ్యాను కిరకిరమంటూ తిరుగుతోంది. దేవకమ్మ సంచి మూతి బిగించి పట్టుకుంది.

"నోటీసులో నా పేరుండాదా నాయనా? అడిగేది దేవకమ్మ అని?"

"ఉంది."

"అది సూసే వద్దన్నాడా?"

గంగాధరం సర్ది ఉన్న కాగితాలనే మళ్లీ సర్దాడు.

"ఆ జవాబు ఏ తేదీన రాసినాడు?"

అది చెప్పొచ్చో కూడదో అని ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. చెప్పాడు.

పొద్దు వాలేసరికి వాళ్లు తమ ఊరు ఐరాలలో బస్సు దిగారు. దేవకమ్మ ఇంటికి పోలేదు. పంచాంగం చూసే అయ్యవారి ఇంటికి నడిచింది. కుప్పయ్య అక్కడే అరుగు మీద ఉన్నాడు.

"ఏమైంది వదినా? సెప్పినారా?"

"సెప్పినారు. జులై పదకొండు."

అయ్యవారు పంచాంగాల కట్ట విప్పాడు. "తిథి చూడాలంటే సంవత్సరం కావాలమ్మా. ఏ సంవత్సరం?"

"ఈ సంవత్సరమే సామీ."

కుప్పయ్య నోరు తెరిచాడు. "పోయిన నెలా? అంటే ఇన్నాళ్లూ మా అన్న..."

"ఉన్నాడు," అంది దేవకమ్మ.

కుప్పయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. దేవకమ్మ సంచిలోంచి నువ్వుల పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. రేవతి ఏదో చెప్పబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయింది. దారి పొడుగునా ఆమె కిటికీ వైపు తిరిగి ఎందుకు కూర్చుందో అప్పుడు తెలిసింది. నుదుట బొట్టు లేదు.

1984లో ఇల్లు విడిచిన శాంతయ్య, దేవకమ్మ లెక్కలో, ఆ జవాబు రాసిన 2007 జులై పదకొండో తేదీన చనిపోయాడు.