దయ్యం మాట ఎత్తకూడదు

“కెమెరా నా వైపు కాదమ్మా, మా కోడలి వైపు తిప్పు. దయ్యం పట్టింది దానికి,” అంది మాబూబీ.

దర్గా వసారాలో కూర్చున్న సైమా తలెత్తలేదు. మూడు రోజులుగా ఆమె ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. అత్తగారి ఉద్దేశంలో అది దయ్యం పనే. కానీ మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో, నలుగురు కూలీల ముందు, “తల్లి లేని పెంపకం ఇట్టాగే ఉంటది” అని అత్త అన్న మాట సైమా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. బట్టల సంచి సర్దుకునే వచ్చింది. ఇక్కణ్ణుంచి అటే అద్దంకి బస్సెక్కి అన్న దగ్గరికి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు.

దయ్యాల నమ్మకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి గుంటూరు కాలేజీ నుంచి వచ్చిన నజ్మీన్, దర్గా చూసుకునే ముసలి ముజావర్ సిలార్ తాత ముందు మైకు పెట్టింది.

“ఇక్కడ దయ్యం ఏం వాగినా అది దయ్యం మాటేనమ్మా. తర్వాత ఆ మనిషిని ఎవురూ అడగకూడదు, దెప్పకూడదు. మా తాతలనాటి కట్టుబాటు,” అన్నాడాయన.

సాంబ్రాణి పొగ సైమా ముఖం చుట్టూ తిప్పాడు. ఆమె దగ్గింది, అంతే. దయ్యానికి ఆ పిల్ల నచ్చలేదేమో పాపం.

ఇంతలో పక్కనున్న మాబూబీ కళ్ళజోడు తీసి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని భద్రంగా తన చేతిసంచిలో దోపుకుంది. మరుక్షణం కొప్పు ఊడిపోయింది. మనిషి ఊగిపోతోంది.

“ఎవరు నువ్వు?” తాత గద్దించాడు.

“ఎవరైతే నీకెందుకురా? ఈ ముసల్దాని నోట్లో కాపురం ఉంటున్నా. తల్లి లేని పిల్లని నలుగురిలో అనరాని మాట అంది. మూడు రోజుల్నుంచీ ఈ ముసల్దానికే ముద్ద దిగట్లా. తప్పైందని చెప్పటానికి నోరు రాదు. పొగరు.”

“వదలాలంటే ఏం కావాలి?”

“ఆ పిల్ల సంచి విప్పాలి. అది పోతే ఈ ముసల్ది ఎవరి మీద అరిచి బతుకుద్ది?”

సైమా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ మండిందన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

తాత నీళ్ళు చల్లాడు. మాబూబీ కొప్పు ముడేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అందరినీ వింతగా చూసింది. “ఏమైంది? నేనేమన్నా అన్నానా?”

“అత్తా, నువ్వు నిజంగానే...”

“అమ్మాయ్, అడగకూడదన్నానా?” తాత వేలు చూపించాడు.

సైమా ఆగిపోయింది. మూడు రోజులు మూతి ముడుచుకున్నందుకు చెప్పాల్సిన మాట ఒకటుంది. అమ్మ పోయాక నువ్వే నాకు అమ్మవి అని ఏనాడూ చెప్పని మాట ఇంకొకటుంది. అత్త ముఖం చూస్తే ఒక్కటీ బయటికి రావడం లేదు.

నజ్మీన్ కెమెరా ఆపబోయింది.

“ఉండమ్మా, ఆపమాక,” అంది సైమా. సెల్‌ఫోన్ జాగ్రత్తగా అత్త చేతిలో పెట్టి, జడ విప్పుకుని, ఊగడం మొదలుపెట్టింది.