కత్తిరించని షిఫ్టు

“దాన్ని ముక్కలు చేసెయ్యండమ్మా” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

వీడియో ఎడిటర్ కుర్చీ గిర్రున తిరిగింది.

“ఎవరు మీరు?”

“పాత క్యాసెట్టు కాపీ చేయించుకుందామని వచ్చాను. మీ స్క్రీను కనబడింది.”

“ఇవాళ వేరే పనులు చెయ్యం. రేపు రండి.”

ఆ మనిషి కదల్లేదు. అతని చూపంతా స్క్రీను మీదే ఉంది.

ఆమెకు ఒళ్లు మండింది. మధ్యాహ్నమే బావ కేసు విచారణ. విచారణాధికారి పెట్టిన షరతు ఒక్కటే. ఫ్యాక్టరీ కెమెరా రికార్డింగు షిఫ్టు మొత్తం ఇవ్వాలి. ఎక్కడా కత్తిరించకూడదు. ఆయన కంప్యూటర్లో తెరుచుకునే ఫైలుగా ఉండాలి.

ఎవరో తలుపు సందులోంచి తోసి వెళ్లిన డ్రైవులో ఉన్నదేమో కొండంత ఫైలు. దాన్ని మార్చి కుదించాలి.

స్టూడియోలో, పనిని పంచుకుని చేసే కోర్లు బోలెడన్ని ఉన్న కొత్త ప్రాసెసర్ ఉంది. అయినా పని ఎంతయిందో చూపే పచ్చగీత స్క్రీను మీద నత్తతో పందెం కాస్తోంది. ఈ లెక్కన రేపటికి గానీ తెమలదు.

“క్వాలిటీ కాస్త తగ్గించవే” అంది పక్కనే కూర్చున్న అక్క.

“తగ్గిస్తే ఇదిగో, ఈ మూల చూడు. చెయ్యో, నీడో తెలియదు.”

ఆ మూలలోనే ఉంది అంతా. మేడ మీది కంట్రోల్ రూంలో ఒక చెయ్యి అలారం స్విచ్చు ఆపుతుంది. మొహం స్తంభం చాటున ఉంటుంది. అదే క్షణంలో బావ కింద ప్రెస్సు మెషీను దగ్గర వంగి ఉంటాడు. మోగాల్సిన అలారం మోగక బావ కుడిచెయ్యి పోయింది. తాగొచ్చి తనే స్విచ్చు ఆపుకున్నాడని కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి గెంటేసింది.

ఫోను మోగింది. కంపెనీ లాయరు.

“ఏదో ఒకటి పట్టుకొచ్చెయ్యమ్మా. కాస్త మసగ్గా ఉంటే ఏం?”

“మసక కావాల్సింది మీకు సార్, మాకు కాదు” అని పెట్టేసింది.

“మొండిఘటం” అని గొణిగింది అక్క. ఆ గొణుగుడులో దిగులు కన్నా గర్వమే ఎక్కువ.

“అందుకే చెబుతున్నా, ముక్కలు చెయ్యండి” అన్నాడు ఆ మనిషి మళ్లీ.

ఈసారి ఆమె లేచింది.

“కత్తిరించకుండా తెమ్మంటే కత్తిరించమంటావా? కంపెనీ పంపిందా నిన్ను?”

“తిట్లు తర్వాత తిట్టండి. ముందు వినండి. మీ దగ్గర కూలీలు బోలెడుమంది. కానీ గోడౌన్‌కి ఒక్కటే తలుపు పెట్టారు. లోపల నలుగురు మోస్తుంటే మిగతావాళ్లు బయట గోళ్లు గిల్లుకుంటున్నారు.”

“బయటికి నడు!”

“ఒక్క ఫైలుగా ఇస్తే కోర్లన్నీ పని చెయ్యవు. పూర్తి బొమ్మ ఉండే కీ ఫ్రేముల దగ్గర విడగొట్టి, ముక్కలన్నీ ఒకేసారి నడిపించండి. ఒక్కో కోర్‌కి ఒక్కో ముక్క మాత్రం ఇవ్వకండి, మెమరీ చాలదు. ముక్కకి కొన్ని కోర్లు కేటాయించండి. చివర్న వరసగా అతికించండి. ఒక్క ఫ్రేమూ పోదు.”

ఆఖరి మాటలు తలుపు అవతల నుంచి వినబడ్డాయి. అప్పటికే ఆమె గడియ పెట్టేసింది.

“దొంగ సచ్చినోడు! మనల్ని ఇరికించాలని చూస్తున్నాడే” అంది అక్క.

ఆమె ఏ కోరు పని చేస్తోందో చూపే పట్టిక తెరిచింది.

సగానికి సగం కోర్లు ఖాళీ!

చిన్న చిన్న ప్రకటనలు, పాటలే తప్ప ఇంత పొడుగు వీడియో ఆమె ఎప్పుడూ మార్చలేదు. చిన్నవాటికి ఈ తేడా తెలిసిరాలేదు.

ముందు కొద్దిపాటి భాగం మీద చేసి చూసింది. ఫ్రేములు లెక్కపెట్టింది. సరిపోయాయి. నడుస్తున్న పని ఆపేసి, షిఫ్టు మొత్తాన్ని అలాగే విడగొట్టింది.

ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి.

“ఇదేంటే, గాల్లోకి లేచేట్టుంది!” అని అక్క వెనక్కి జరిగింది.

“లేవనీ. మనల్నీ తీసుకుపోతుంది.”

పచ్చగీతలన్నీ పక్కపక్కన పరుగెత్తాయి. మూలనున్న చెయ్యి వేళ్లతో సహా స్పష్టంగా వచ్చింది. ఆమె తలుపు తీసి చూసింది.

మెట్ల మీద ఎవరూ లేరు.

విచారణ గదిలో ఫైలు ఎలా చేసిందో ఆమె చెప్పగానే లాయరు అందుకున్నాడు. “ఇది అతుకుల బొంత!”

“అసలు ఫైలు కూడా తెచ్చాం. ఫ్రేముకి ఫ్రేము పోల్చుకోండి” అందామె.

అధికారి సహాయకుడు పోల్చి చూశాడు. ఏదీ పోలేదు.

“సరే, చెయ్యి ఉంది. ఎవరిదమ్మా అది?” లాయరు నవ్వాడు. “మొహం లేదు. దయ్యానిదా?”

“కంట్రోల్ రూం మీదేగా సార్. ఆ దయ్యానికి జీతం ఇచ్చేది మీరే, మీరే చెప్పండి!”

అధికారి కళ్లజోడు తీశాడు. “చూడండమ్మా, ఆ చెయ్యి ఎవరిదో, ఎవరి మాట మీద స్విచ్చు ఆపిందో తేలకుండా నేను కంపెనీని తప్పుపట్టలేను.”

పక్కన కూర్చున్న బావ ఖాళీ చొక్కా చేతిని అక్క గట్టిగా పట్టుకుంది.

వెనక బెంచీలో ఎవరో లేచారు.

లాయరు మొహంలో నవ్వు ఆరిపోయింది. “ఆపరేటర్! నువ్వెందుకొచ్చావ్? కూర్చో!”

“కంట్రోల్ రూంలో మీవాళ్లు కూర్చోమంటే కూర్చున్నాను సార్. ఇక్కడ కూర్చోను.”

ఎడిటర్ తల తిప్పింది.

“నువ్వు చెప్పబోయేది నీ మీదికే కేసుగా రావచ్చు, తెలుసా?” అన్నాడు అధికారి.

“తెలుసండి.”

పొద్దున ఆమె మెడబట్టి గెంటినట్టుగా బయటికి పంపిన ఆ మనిషి ఆమెవైపు చూడకుండానే ముందుకు నడిచి, తెర మీద ఆగివున్న బొమ్మ పక్కన తన చెయ్యి ఆనించి అన్నాడు: “మేనేజరు ఆపమంటే ఆపిన ఆ చెయ్యి నాదేనండి.”