బ్యాటరీ ఉన్నంతసేపు

ఇన్వర్టర్ మళ్లీ కూసింది.

"ఇంటున్నవా? ఎర్రలైటు పడ్డది!" లోపలి నుంచి సత్యవేణి కేకేసింది.

వరండాలో జనరేటర్ ముందు గొంతుక్కూర్చున్న బసవరాజు తలెత్తలేదు. తాడు చేతికి చుట్టుకుని బలంగా లాగాడు. ఇంజన్ ఒకసారి గురగురమని ఆగిపోయింది.

"ఫ్రిజ్ బంద్ జేసినవా?"

"ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు... అన్నీ బంద్. మిషినొక్కటే నడుస్తున్నది."

ముందుగదిలో బ్యాటరీల పక్కకు జరిపిన మంచం మీద పోశయ్య దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ఇనుము కరిగించే ఫౌండ్రీలో ఏళ్ల తరబడి పొగ మింగిన మనిషి. ముక్కులో గొట్టం. మంచం పక్కనున్న మిషన్ నుంచి ఆక్సిజన్ అందుతోంది కాబట్టి బతికున్నాడు. అది ఆగితే ఎంతసేపు ఉంటాడో ఎవరికీ తెలియదు.

నిన్నటి గాలివానకు చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. నాచారంలో సగం కాలనీలకు అప్పటినుంచీ కరెంటు లేదు. ఇరుగుపొరుగు ఇన్వర్టర్లన్నీ పొద్దున్నే చల్లబడ్డాయి. ఇప్పుడు ఆ మిషన్ నడిచే ఇల్లు వీధి మొత్తంలో సత్యవేణి వాళ్లదొక్కటే. స్థలం తగాదా కోర్టులో ఉండటంతో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ వాళ్లకు మీటరే రాలేదు. పగలు జనరేటర్‌తో రెండు పెద్ద బ్యాటరీలు నింపుకోవడం, రాత్రి వాటితో నెట్టుకురావడం అలవాటైపోయింది. కానీ మధ్యాహ్నం పెట్రోలు పోస్తుండగా మళ్లీ గాలి లేచి వరండా రేకు ఎగిరిపోయింది. ట్యాంకు నిండా వాననీళ్లు పడ్డాయి.

"అంబులెన్సు ఏడిదాక వచ్చిందట?" బసవరాజు అడిగాడు.

"ఉప్పల్ దాటిన్రట. నాలా పొంగింది, సుట్టు తిరిగి రావాలంటున్నరు."

పోశయ్య చెయ్యెత్తి ముక్కులోని గొట్టం తీసేయబోయాడు. సత్యవేణి ఆ చెయ్యి పట్టేసింది.

"ఇడిసిపెట్టు బిడ్డా..." మాటకూ మాటకూ మధ్య ఆయనకు ఊపిరి అందడం లేదు. "మీకు... నేనేం జేసిన్నని... గింత గోస పడుతున్రు..."

"మాట్లాడకు మామా. ఊపిరి తీసుకో."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చెంపల మీదికి నీళ్లు కారాయి.

పక్కవీధి సుశీలమ్మ తడిసి ముద్దయి వచ్చింది. "ఎవరింట్లనన్న జర ఛార్జింగ్ మిగిలిందేమోనని తిరిగొచ్చిన తల్లీ. యాడ లేదు." మంచం చివర కూర్చుని పోశయ్య పాదాలు రుద్దసాగింది. "కన్నపిల్లలు గూడ గింత జెయ్యరు" అంది గొణుగుతున్నట్టు.

సత్యవేణి వినిపించుకోలేదు. ఆమె చూపంతా ఎర్రలైటు మీదే ఉంది.

బసవరాజు ట్యాంకులోని నీళ్లన్నీ పారబోశాడు. బైకు ట్యాంకులో పైపు పెట్టి నోటితో పీల్చి, ఉన్న పెట్రోలంతా డబ్బాలోకి తీసి జనరేటర్‌లో పోశాడు. ఇంజన్ స్పార్క్ ప్లగ్గు విప్పి భార్యకిచ్చాడు.

"పొయ్యి మీద వెచ్చజేసి తీస్కరా. చెమ్మ ఉండొద్దు."

ఆమె పరుగున పోయి, పట్టకారుతో పట్టి వెచ్చబెట్టి తెచ్చింది. అతను బిగించాడు. తాడు లాగాడు. మళ్లీ లాగాడు. ముడి దగ్గర తాడు పుటుక్కున తెగి, అరచెయ్యి కోసుకుపోయింది.

బసవరాజు గోడకు చేరగిలబడ్డాడు. వానలో అతని చేతి రక్తం కారిపోతోంది.

"నాతోని గాదు సత్యా."

"లే."

"మనం జేసేంత జేసినం. మనల్ని ఎవ్వరేమంటరు?"

సత్యవేణి అతని మొహంలోకి చూసింది. ఆ మాట అలసట వల్ల వచ్చింది కాదని ఆమెకు తెలుసు.

"ఎవ్వరేమనరు" అంది. "కానీ నా కండ్ల ముందట ఊపిరాడక సచ్చిపోతుంటే నేను సూడలేను. నువ్వు సూస్తవా?"

బసవరాజు లేచి, బట్టలారేసే తీగకున్న నైలాన్ తాడు విప్పుకొచ్చాడు.

అప్పుడే ఇన్వర్టర్ పొడుగ్గా ఒక కూత కూసి ఆగిపోయింది. మిషన్ కూడా ఆగింది. గదిలో వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పోశయ్య పెదాలు నల్లబడసాగాయి. సత్యవేణి మంచమెక్కి వెనక కూర్చుని, ఆయన్ని తన గుండెకు ఆనించుకుంది.

"నాతోపాటు తీసుకో మామా. తీసుకో... ఇడువు... ఇంకోసారి తీసుకో..."

"దేవుడా" అంటూ సుశీలమ్మ మొహం తిప్పుకుంది.

బయట తాడు లాగుతున్న చప్పుడు. ఇంజన్ అందుకోలేదు. మళ్లీ లాగిన చప్పుడు. మళ్లీ. పోశయ్య తల ఒక పక్కకు వాలిపోయింది.

ఉన్నట్టుండి జనరేటర్ గర్జించింది.

సుశీలమ్మ ఉరికి వెళ్లి స్విచ్ వేసింది. మిషన్ ఒకసారి కదిలి, బుస్సుమంటూ నడవడం మొదలుపెట్టింది. చాలాసేపటికి గానీ పోశయ్య వేళ్లు కదల్లేదు. కదిలాక అవి సత్యవేణి చేతిని వెతికి పట్టుకున్నాయి. ఆమె అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది.

పొద్దు వాలుతుండగా అంబులెన్సు వచ్చింది. అందులోని కుర్ర టెక్నీషియన్ పోశయ్యను సిలిండర్‌కు మార్చి, వేలికి క్లిప్పు పెట్టి చూసి తలూపాడు.

"మస్తు కాపాడిన్రన్నా. జరంత లేటయితే దక్కకపోతుండె."

సత్యవేణి చెప్పులు కూడా వేసుకోకుండా అప్పటికే బండెక్కి, పెద్దాయన పక్కన కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి వదలడం లేదు.

టెక్నీషియన్ తలుపు వేయబోతూ, అరచేతికి గుడ్డ చుట్టుకుంటున్న బసవరాజు వైపు తిరిగాడు.

"మీ నాయినా అన్నా?"

"కాదు."

"మరేమైతడు?"

బసవరాజు బండిలో ఉన్న ఆ ఇద్దరి వైపు ఒకసారి చూశాడు.

"మా ఇంటికి కరెంటు రాకుంట కేసేసిన మనిషి."